టెన్స్ బిట్లు: క్లూ పదాన్ని నమ్ముకున్నవాళ్ళ కోసం కొన్ని అపోహలు, వాస్తవాలు

ఇంగ్లిష్ గ్రామర్ పరీక్షలకు తయారయ్యేవాళ్ళకు పాఠాలు చెప్పడం నా పని. టెన్స్ బిట్టులో తప్పు పెట్టినవాళ్ళను నేను ముందుగా అడిగేది ఒకటే: "ఇదే ఎందుకు పెట్టావు?" జవాబులు కూడా దాదాపు ఎప్పుడూ ఇవే ఉంటాయి. "సిన్స్ ఉంది కదా సార్." "రేపటి పని కదా, విల్ ఉండాలి కదా." "తెలుగులోకి మారిస్తే అదే వచ్చింది సార్." వీళ్ళంతా బాగా చదివినవాళ్ళే. సగం నిజమైన సూత్రాల్ని పూర్తి నిజమని గట్టిగా నమ్మడం వల్లే మార్కులు పోతున్నాయి. వాటిలో నాకు ఎక్కువగా ఎదురయ్యేవి ఇవి.

అపోహ: క్లూ పదం కనిపిస్తే టెన్స్ దొరికినట్టే

సిన్స్ వస్తే హ్యాజ్ లేదా హ్యావ్, ఎవ్రీ డే వస్తే సింపుల్ ప్రెజెంట్, ఎస్టర్‌డే వస్తే సింపుల్ పాస్ట్. ఈ పట్టిక అందరి నోట్సులోనూ ఉంటుంది. మొదలుపెట్టిన కొత్తలో అది మంచి ఊతకర్రే. కానీ ప్రశ్నపత్రం తయారు చేసేవాళ్ళకూ ఆ పట్టిక తెలుసు. కొంచెం కష్టమైన బిట్టు కావాలనుకుంటే ఆ క్లూ పదాన్నే ఎరగా వేస్తారు.

సిన్స్ ఒక్కదాన్నే తీసుకోండి. "హీ హ్యాజ్ లివ్డ్ హియర్ సిన్స్ 2015" అందరికీ తెలిసిన వాక్యం. "వెన్ ఐ మెట్ హిమ్ ఇన్ 2019, హీ హ్యాడ్ లివ్డ్ దేర్ సిన్స్ 2015" అన్నప్పుడు లెక్క 2019 దగ్గర ఆగింది కాబట్టి హ్యాడ్ వచ్చింది. "సిన్స్ హీ వాజ్ ఇల్, హీ స్టేడ్ ఎట్ హోమ్" అనే వాక్యంలో సిన్స్ కారణం చెబుతోంది, కాలంతో దానికి పనే లేదు. "ఇట్ ఈజ్ టెన్ ఇయర్స్ సిన్స్ వి మెట్" అన్నప్పుడు సిన్స్‌కు ముందు ఈజ్, తర్వాత సింపుల్ పాస్ట్. పదం ఒకటే, వాక్యాలు నాలుగు, వర్బ్ రూపాలు వేరు వేరు.

ఫర్ కూడా అంతే. "షీ హ్యాజ్ వర్క్‌డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్" అంటే ఇంకా ఇక్కడే పని చేస్తోంది. "షీ వర్క్‌డ్ దేర్ ఫర్ టెన్ ఇయర్స్" అంటే ఆ ఉద్యోగం అయిపోయింది. ఎవ్రీ నైట్ చూసి సింపుల్ ప్రెజెంట్ పెట్టేవాళ్ళు "వెన్ ఐ వాజ్ ఎ చైల్డ్, షీ టోల్డ్ మీ ఎ స్టోరీ ఎవ్రీ నైట్" దగ్గర ఆగిపోతారు.

క్లూ పదం చెప్పేది ఎప్పుడు, ఎంతకాలం, ఎన్నిసార్లు అన్న సంగతి మాత్రమే. టెన్స్ తేలాలంటే ఇంకో సంగతి తెలియాలి. మాట్లాడే మనిషి ఏ చోట నిలబడి ఆ పనిని చూస్తున్నాడు? ఆ చోటికి ముందే పని ముగిసిందా, ఆ చోటి దాకా సాగిందా, ఆ క్షణంలో మధ్యలో ఉందా? నేను క్లాసులో పన్నెండు టెన్స్‌ల గళ్ళ పట్టిక కంటే ఈ ప్రశ్నల మీదే ఎక్కువ సమయం పెడతాను. నిజానికి భాషాశాస్త్రవేత్తల్లో చాలామంది ఇంగ్లిష్‌లో వర్బ్ రూపం మారి ఏర్పడే టెన్స్‌లు ప్రెజెంట్, పాస్ట్ రెండే అంటారు. మిగిలినవి విల్, హ్యావ్, బీ లాంటి సహాయక క్రియలు చేర్చి కట్టుకున్నవి. పన్నెండు పేర్లు కంఠతా రాలేదని కుంగిపోయే పిల్లలకు ఈ మాట చెబితే ముఖాలు తేలికపడతాయి.

అపోహ: తెలుగులోకి మార్చి చూసుకుంటే సరైన టెన్స్ తెలుస్తుంది

ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే.

మన క్రియ కాలాన్ని కోసే చోటు వేరు, ఇంగ్లిష్ కోసే చోటు వేరు. "రోజూ వెళ్తాను", "రేపు వెళ్తాను" అన్నప్పుడు మనకు ఒకటే రూపం. ఇంగ్లిష్‌లో మొదటిది "ఐ గో", రెండోది "ఐ విల్ గో". "ఆ సినిమా చూశాను", "నిన్న ఆ సినిమా చూశాను" అన్నప్పుడూ మనకు ఒకటే రూపం. అక్కడ మొదటిది "ఐ హ్యావ్ సీన్ దట్ ఫిల్మ్", నిన్న అనగానే "ఐ సా దట్ ఫిల్మ్ ఎస్టర్‌డే". "బ్యాంకులో పని చేస్తున్నాను" అని మనం సహజంగా అంటాం. అది శాశ్వత ఉద్యోగమైతే ఇంగ్లిష్‌లో "ఐ వర్క్ ఇన్ ఎ బ్యాంక్" అనాలి. "యామ్ వర్కింగ్" అంటే ప్రస్తుతానికి, తాత్కాలికంగా అనే అర్థం వస్తుంది.

అన్నిటికంటే గట్టిగా పాతుకుపోయింది 'నుంచి'. "ఐదేళ్ళ నుంచి ఇక్కడ ఉంటున్నాను" అనే వాక్యంలో ఉంటున్నాను అనేది చూడ్డానికి అచ్చంగా ప్రెజెంట్ కంటిన్యువస్. అందుకే "ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్" అని చేయి దానంతటదే రాస్తుంది. అందులో తప్పులు రెండు. మొదలైన క్షణం చెబితే సిన్స్, వ్యవధి చెబితే ఫర్. మన 'నుంచి' రెండిటికీ సరిపోతుంది, సిన్స్ సరిపోదు. పైగా గతంలో మొదలై ఇప్పటిదాకా వచ్చిన పనికి ఇంగ్లిష్ పర్ఫెక్ట్, అంటే హ్యావ్ లేదా హ్యాజ్ చేరిన రూపం, అడుగుతుంది. "ఐ హ్యావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్" సరైనది.

ఇంకో సంగతి చెప్పాలి. మన గ్రామర్ పుస్తకాల్లో ప్రెజెంట్ పర్ఫెక్ట్‌కు 'చూసియున్నాను', 'వ్రాసియున్నాను' అని అర్థం రాస్తుంటారు. ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. దాంతో ఆ టెన్స్ ఎక్కడో అరుదుగా వాడేదని పిల్లలు అనుకుంటారు. నిజానికి మనం రోజూ 'చూశాను, తిన్నాను, కొన్నాను' అనే మాటల్లో సగం, ఎప్పుడో చెప్పకుండా అన్నవి, ఇంగ్లిష్‌లో హ్యావ్‌తోనే వస్తాయి. ఆ పాత అనువాదం విద్యార్థులకు చేసిన మేలు నాకు ఇంతవరకూ కనిపించలేదు.

అపోహ: ప్రెజెంట్ పర్ఫెక్ట్ అంటే ఇప్పుడే ముగిసిన పని

"ఐ హ్యావ్ రెడ్ దిస్ బుక్" అన్నవాడు ఆ పుస్తకాన్ని ఇరవై ఏళ్ళ క్రితం చదివి ఉండొచ్చు. ఎంత క్రితం అన్నది ముఖ్యం కాదు. ఆ పని ఫలితమో అనుభవమో ఇప్పటికీ నిలిచి ఉందా, కాలాన్ని వేలెత్తి చూపారా లేదా అన్నదే లెక్క. ఎస్టర్‌డే, లాస్ట్ వీక్, టూ డేస్ ఎగో, ఇన్ 2010 అంటూ గడిచిపోయిన కాలాన్ని చూపిస్తే హ్యావ్ పోయి సింపుల్ పాస్ట్ వస్తుంది. పని అర నిమిషం క్రితం ముగిసినా అంతే. "హీ లెఫ్ట్ ఎ మినిట్ ఎగో" అంటాం, "హ్యాజ్ లెఫ్ట్" అనం.

చనిపోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు కూడా ఇది పనికొస్తుంది. ఐన్‌స్టీన్ 1922లో జపాన్ వెళ్ళాడు. ఏడాది చెప్పకపోయినా "ఐన్‌స్టీన్ విజిటెడ్ జపాన్" అనే అంటారు. 1955లోనే చనిపోయిన మనిషి అనుభవం ఇప్పటిదాకా సాగదు కదా.

"దిస్ మార్నింగ్" విషయంలో వాక్యం మొత్తం చదవాలి. పొద్దున పదింటికి మాట్లాడుతుంటే "ఐ హ్యావ్ హ్యాడ్ టూ కాల్స్ దిస్ మార్నింగ్" సరే. సాయంత్రం చెబితే ఆ ఉదయం ముగిసిపోయింది, "ఐ హ్యాడ్ టూ కాల్స్" అనాలి. జస్ట్, ఆల్‌రెడీ, యెట్ (yet) ఉన్నచోట అమెరికన్లు మాటల్లో సింపుల్ పాస్ట్ కూడా వాడతారు. సినిమాల్లో విని అయోమయపడకండి. పరీక్షలో రెండు రూపాలూ ఆప్షన్లుగా ఉంటే పర్ఫెక్ట్ పెట్టడమే సురక్షితం.

అపోహ: గతంలో రెండు పనులుంటే ఒకదానికి హ్యాడ్ తప్పనిసరి

"షీ ఓపెన్డ్ ది డోర్, స్విచ్డ్ ఆన్ ది లైట్ అండ్ శాట్ డౌన్." మూడు పనులున్నాయి, ఒక్క హ్యాడ్ కూడా అక్కర్లేదు. జరిగిన వరుసలోనే చెప్పుకుంటూ పోతే సింపుల్ పాస్ట్ చాలు. కథ మధ్యలో ఆగి, అంతకు ముందే జరిగిపోయిన సంగతిని వెనక్కి తిరిగి చెప్పాల్సి వచ్చినప్పుడు హ్యాడ్ కావాలి.

"వెన్ ఐ రీచ్డ్ ది స్టేషన్, ది ట్రైన్ లెఫ్ట్" అన్నా తప్పు కాదు, "హ్యాడ్ లెఫ్ట్" అన్నా తప్పు కాదు. మొదటి వాక్యంలో నేను వెళ్ళాక రైలు కదిలింది, నేను చూశాను. రెండోదాంట్లో నేను వెళ్ళేసరికి ప్లాట్‌ఫాం ఖాళీ. తెలుగులో కదిలింది, వెళ్ళిపోయింది అన్న తేడాతో మనం సరిగ్గా ఇదే చెబుతాం. కాబట్టి ఇలాంటి బిట్టులో మిగతా వాక్యం చూడాలి. "సో ఐ హ్యాడ్ టు వెయిట్ ఫర్ ది నెక్స్ట్ వన్" అని ఉంటే హ్యాడ్ లెఫ్ట్ వైపు మొగ్గాలి. "బై ది టైమ్" అని మొదలై తర్వాత సింపుల్ పాస్ట్ ఉంటే సందేహమే అక్కర్లేదు.

ఆఫ్టర్, బిఫోర్ ఉన్నప్పుడు ఏది ముందో ఆ పదాలే చెప్పేస్తాయి. అందుకని సింపుల్ పాస్ట్ కూడా సరైనదే. అయినా సంప్రదాయ పద్ధతిలో తయారైన జవాబుల కీ సాధారణంగా హ్యాడ్ వైపే ఉంటుంది. నో సూనర్ తర్వాత "హ్యాడ్ హీ సీన్" రావచ్చు, "డిడ్ హీ సీ" కూడా రావచ్చు. డిడ్ ఉంటే తర్వాత మూల రూపమే. ఎర్రర్ స్పాటింగ్‌లో "డిడ్ హీ సా" అని ఇస్తే అదే పట్టుకోవాల్సిన తప్పు.

అపోహ: రేపు జరిగే పనికి విల్ ఉండాల్సిందే

ముందే ఖరారైన టైంటేబుల్‌కు సింపుల్ ప్రెజెంట్ వాడతారు: "ది ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో." సొంతంగా ఏర్పాటు చేసుకున్నదానికి ప్రెజెంట్ కంటిన్యువస్ వాడతారు: "ఐ యామ్ మీటింగ్ హర్ ఆన్ ఫ్రైడే." ఇవి ఎక్కువమందికి తెలుసు.

అసలు చిక్కు వెన్, ఇఫ్ దగ్గర. "వెన్ హీ కమ్స్, ఐ విల్ టెల్ హిమ్" అనాలి, "వెన్ హీ విల్ కమ్" అనకూడదు అని నేర్పిస్తాం. పిల్లలు శ్రద్ధగా నేర్చుకుంటారు. తర్వాత "ఐ డోంట్ నో వెన్ హీ విల్ కమ్" అనే సరైన వాక్యాన్ని తప్పని కొట్టేస్తారు! వెన్ పక్కన విల్ ఉందన్న ఒక్క కారణంతో.

ఇక్కడ మాత్రం తెలుగు మనకు చేయి అందిస్తుంది. మొదటి వాక్యాన్ని తెలుగులో అనండి: "అతను వచ్చినప్పుడు చెబుతాను." ఇఫ్ అయితే "వస్తే చెబుతాను." వచ్చినప్పుడు, వస్తే అనే మాటల్లో భవిష్యత్తు లేదు, అది చెబుతానులో ఉంది. ఇంగ్లిష్‌లోనూ అంతే, విల్ ఒక్కచోటే. రెండో వాక్యాన్ని అనండి: "ఎప్పుడు వస్తాడో తెలియదు." వస్తాడు అనే పూర్తి క్రియ లోపలే ఉంది. కాబట్టి అక్కడ విల్ రావాలి. "వస్తాడో లేదో తెలియదు" అన్నప్పుడు కూడా "ఐ డోంట్ నో ఇఫ్ హీ విల్ కమ్." వస్తే అని పలికితే విల్ తీసేయాలి, వస్తాడో అని పలికితే ఉంచాలి. రేపటి పనుల గురించిన బిట్లలో ఈ పరీక్ష నాకు చాలా బాగా పనిచేసింది. అన్‌టిల్, ఆజ్ సూన్ ఆజ్, అన్‌లెస్ కూడా 'వచ్చేదాకా, రాగానే, రాకపోతే' అని పలుకుతాయి కాబట్టి విల్ అక్కర్లేని జట్టులోనివే.

అపోహ: పాస్ట్ రూపం ఉంటే జరిగిపోయిన పనే

"ఇట్ ఈజ్ టైమ్ వి వెంట్ హోమ్." ఇంకా వెళ్ళలేదు, అయినా వెంట్. "ఐ విష్ ఐ న్యూ హిజ్ నంబర్." ఇప్పుడు తెలియదు, అయినా న్యూ. నిజం కానిదాన్ని ఊహించేటప్పుడు ఇంగ్లిష్ ఒక మెట్టు వెనక్కి జరుగుతుంది. ఇది వింతేమీ కాదు. "నాకు తెలిస్తే చెప్పేవాణ్ణి కదా" అంటాం. చెప్పేవాణ్ణి అనేది 'చిన్నప్పుడు కథలు చెప్పేవాణ్ణి' అనడానికి వాడే గతకాలపు రూపమే, మాట్లాడేది మాత్రం ఇప్పటి సంగతి.

అపోహ: మెయిన్ వర్బ్ పాస్ట్‌లో ఉంటే తర్వాతదీ పాస్ట్‌లోకి మారాలి

ఎప్పటికీ నిజమైనదాన్ని మార్చనక్కర్లేదు: "ది టీచర్ సెడ్ దట్ ది ఎర్త్ గోస్ రౌండ్ ది సన్." కానీ "పీపుల్ వన్స్ బిలీవ్డ్ దట్ ది సన్ వెంట్ రౌండ్ ది ఎర్త్" దగ్గర మారాలి. ఎందుకంటే అది నిజం కాదు, వాళ్ళ నమ్మకం మాత్రమే. సూర్యుడు, భూమి అనే మాటలు చూసి గోస్ పెట్టేయకండి.

అపోహ: నో (know), హ్యావ్, థింక్ లాంటి వర్బులకు ఐఎన్‌జీ ఎప్పటికీ రాదు

స్థితిని చెప్పినప్పుడు రాదు, పనిని చెప్పినప్పుడు వస్తుంది. "ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్" తప్పు, "ఐ యామ్ హ్యావింగ్ లంచ్" ఒప్పు. "ఐ థింక్ యు ఆర్ రైట్" అభిప్రాయం, "ఐ యామ్ థింకింగ్ అబౌట్ ఇట్" అంటే బుర్రలో పని నడుస్తోంది. నో, బిలాంగ్, ఓన్ లాంటివి మాత్రం స్థితి దాటి బయటికి రావు.

ఇవన్నీ ఒకేచోట కలిసే బిట్టు ఒకటి నేను ప్రతి బ్యాచ్‌కూ ఇస్తాను. "ఐ ___ హిమ్ సిన్స్ చైల్డ్‌హుడ్." ఆప్షన్లు: నో, యామ్ నోయింగ్, హ్యావ్ బీన్ నోయింగ్, హ్యావ్ నోన్. "చిన్నప్పటి నుంచి తెలుసు" అని తెలుగులో అనుకున్నవాళ్ళు నో పెడతారు. నుంచి అనగానే కంటిన్యువస్ గుర్తొచ్చినవాళ్ళు యామ్ నోయింగ్ పెడతారు. సిన్స్‌ను క్లూగా పట్టుకున్నవాళ్ళు హ్యావ్ బీన్ నోయింగ్ దగ్గర ఆగుతారు. మాట్లాడేవాడు ఇప్పుడు నిలబడి వెనక్కి చూస్తున్నాడు, పరిచయం ఇప్పటిదాకా వచ్చింది, కాబట్టి హ్యావ్ కావాలి. తెలిసి ఉండటం ఒక స్థితి, కాబట్టి ఐఎన్‌జీ రాదు. హ్యావ్ నోన్.