గడప మీద గ్లిచ్

మొన్న మారతహళ్ళిలో గంటసేపు వాన దంచింది. మర్నాడు టీకొట్టు దగ్గర కన్నడ పేపర్ తిరగేస్తే ‘మళె అవాంతర’ అని పెద్ద అక్షరాలు. మళె అంటే వాన, అవాంతరం మన మాటే. బెంగళూరులో ఈ శీర్షికని ముందే కంపోజ్ చేసి పెట్టుకుంటారేమో అని నా అనుమానం. ఆ సాయంత్రమే, ఎలక్ట్రానిక్స్ చదువుతున్న మా అమ్మాయి అడిగింది: “నాన్నా, గ్లిచ్‌ని తెలుగులో ఏమంటారు?” సర్క్యూట్ క్షణకాలం తడబడటమే గ్లిచ్.

పేపర్ ఇంకా కళ్ళముందే ఉంది కాబట్టి “అవాంతరం” అనేశాను. నోటికొచ్చింది అన్నానే గానీ, ఆలోచించిన కొద్దీ అంతకంటే బాగా అతికే మాట దొరకలేదు.

అవాంతరం అంటే ఇప్పుడు మనకి అనుకోకుండా వచ్చిపడ్డ చిక్కు. సంస్కృతంలో ‘అవాంతర’ అంటే నడుమ ఉన్నది, లోపల ఇమిడి ఉన్నది అని మాత్రమే. ఆగ్నేయం, నైరుతి లాంటి మూలల్ని అవాంతర దిక్కులు అన్నారు. ‘అవాంతర భేదాలు’ అంటే ఉపవిభాగాలే, గొడవలు కావు. నడుమ ఉన్నది కాస్తా మన దగ్గర నడుమ వచ్చి పడేది అయింది. దాని తోబుట్టువు అంతరాయానికి అర్థమే ‘మధ్యకి వచ్చేది’. పిల్లి అడ్డమొస్తే ఇంట్లోకి తిరిగొచ్చి మంచినీళ్ళు తాగి బయల్దేరే మా మేనత్తకి మాత్రం ఈ వ్యుత్పత్తి చెప్పలేదు, ఆవిడ నమ్మకం ఇంకా గట్టిపడుతుంది.

గ్లిచ్ సంగతి. నిఘంటువులు ఎక్కువగా తూర్పు ఐరోపా యూదుల భాష యిడ్డిష్ వైపు చూపిస్తాయి. అక్కడ ‘గ్లిట్ష్’ అంటే కాలు జారే చోటు. 1940 నాటికే అమెరికా రేడియోవాళ్ళు పొరపాటు మాట దొర్లితే గ్లిచ్ అనేవారు. జనంలోకి తెచ్చినవాళ్ళలో ముఖ్యుడు జాన్ గ్లెన్. 1962 ఫిబ్రవరి 20న భూమిని మూడుసార్లు చుట్టొచ్చిన ఆ వ్యోమగామి, సర్క్యూట్ మీద హఠాత్తుగా కొత్త లోడ్ పడ్డప్పుడు వోల్టేజీలో వచ్చే ఎగుడుదిగుడే గ్లిచ్ అని ఆ ఏడాదే రాశాడు. 1947లో కంప్యూటర్ రిలేలో దొరికిన దీపపురుగు కథ ఇక్కడ ఎత్తను. అది బగ్ కథ, అందరూ చెప్పేదే. పైగా బగ్ అంటే ఎక్కడో తప్పు ఉన్నట్టు. నేను చెప్పబోయే గ్లిచ్‌లో తప్పేమీ ఉండదు, అంతా సరిగ్గానే ఉంటుంది. తంటా అంతా నడుమనే.

హిరణ్యకశిపుడి వరం తీసుకోండి. పగలు చావకూడదు, రాత్రి చావకూడదు. దీన్ని లాజిక్ సర్క్యూట్‌గా, అంటే ‘అవును’కి 1, ‘కాదు’కి 0 ఇచ్చే గేట్లతో గీద్దాం. ‘పగలు అయింది, పగటి కాపలా ఉంది’ అంటే మొదటి గేటు 1 ఇస్తుంది. ‘రాత్రి అయింది, రాత్రి కాపలా ఉంది’ అంటే రెండో గేటు 1 ఇస్తుంది. రెండింటినీ ఆర్ గేటులో (ఏ ఒక్కటి 1 అయినా 1 ఇచ్చేది) కలిపితే వచ్చేది ‘రాజు క్షేమం’. కాపలాలు రెండూ ఎప్పుడూ సిద్ధమే. కాగితం మీద జవాబు ఎప్పటికీ 1.

కానీ సర్క్యూట్‌లో ‘రాత్రి’కి వేరే తీగ లేదు. ‘పగలు’ తీగనే నాట్ గేటులో (1ని 0గా, 0ని 1గా మార్చేది) తిరగేసి రాత్రిని తయారుచేస్తాం. తిరగెయ్యడానికి టైము పడుతుంది. నాట్ గేట్లుండే పాత 7404 చిప్‌లో సుమారు 10 నానోసెకన్లు (నానోసెకను అంటే సెకనులో వందకోట్లో వంతు). ఆ లోపు కాంతి పోయేది మూడు మీటర్లే. పగలు 1 నుంచి 0కి పడగానే మొదటి గేటు 0 అయిపోయింది. రాత్రయిందన్న కబురు రెండో గేటుకి ఇంకా అందలేదు. రెండూ 0. ఆ 10 నానోసెకన్లు పగలూ కాదు, రాత్రీ కాదు. అవుట్‌పుట్ 1 నుంచి 0కి జారి మళ్ళీ 1కి లేస్తుంది. నరసింహస్వామికి అంతే చాలు. ఇంజనీర్లు దీన్ని స్టాటిక్ వన్ హజార్డ్ అంటారు.

ఇంకో తమాషా. ఇదే సర్క్యూట్‌లో తెల్లవారుజామున ఏ గండమూ లేదు. అప్పుడు పగలు తీగ ముందు 1 అవుతుంది, రాత్రి తీగ ఆలస్యంగా 0 అవుతుంది, కాసేపు రెండు గేట్లూ 1 మీదే ఉంటాయి. చావు సాయంసంధ్యలోనే!

విరుగుడు మూడో గేటు: కాపలాలు రెండూ ఉంటే చాలు, వేళతో పనిలేకుండా 1 ఇచ్చేది. లాజిక్‌ని గళ్ళలో వేసి చూపే కార్నో మ్యాప్ 1953లో వచ్చింది, అందులో ఇది కంటికే కనిపిస్తుంది. గళ్ళలో ఉన్న 1లను గుంపులుగా చుడతాం కదా, ఒకదాన్నొకటి ఆనుకుని కూడా కలవని రెండు చుట్ల మధ్య గీతే గడప. ఆ గడప మీదుగా మూడో చుట్టు గీయాలి. కాలేజీలో నేనలా గీస్తే ‘అనవసరం’ అని ఎర్ర సిరాతో కొట్టేసి అర మార్కు కోశారు. తక్కువ గేట్లు వాడమని నేర్పినవాళ్ళు గేటుకి టైము పడుతుందని నేర్పలేదు. ఆ అర మార్కు నాకింకా గుర్తుంది.

నిజానికి ప్రతిచోటా మూడో గేటు పెట్టరు. ప్రాసెసర్లలో అంతా సర్దుకున్నాక, క్లాక్ (తాళం వేసినట్టు క్రమంగా వచ్చే సంకేతం) తట్టిన క్షణంలోనే విలువ చూస్తారు. పెళ్ళింట్లో ఎంత గందరగోళమైనా ముహూర్తానికి తాళి పడితే చాలన్నట్టు. క్లాక్ తీగ మీదే గ్లిచ్ పడిందా, ఒకే పెళ్ళికి రెండు ముహూర్తాలు.

అమ్మాయిని కింద జనరేటర్ గదికి తీసుకెళ్ళి ఛేంజోవర్ స్విచ్ చూపించాను. పిడి చుట్టూ ఒకటి, సున్నా, రెండు అని గుర్తులు. లైన్ కరెంటు నుంచి జనరేటర్‌కి మార్చాలంటే పిడి సున్నా మీదుగానే వెళ్ళాలి, అక్కడ రెండు కరెంట్లూ ఉండవు.

“ఇక్కడ కూడా మూడో చుట్టు పెట్టొచ్చుగా నాన్నా?”

పెట్టకూడదు. రెండూ ఒకేసారి కలిసి జనరేటర్ కరెంటు బయటి లైన్లోకి ఎదురెక్కితే, వీధిలో తీగలు సరిచేస్తున్న లైన్‌మన్ ప్రాణం మీదికొస్తుంది. ఈ అవాంతరం కావాలని పెట్టింది.

చెబుతుండగానే మళ్ళీ చినుకులు, కరెంటు పోయింది. ఎలక్ట్రీషియన్ వచ్చి జనరేటర్ స్టార్ట్ చేసి పిడి పట్టుకున్నాడు. సున్నా దాటేదాకా లిఫ్ట్‌లోంచి ఎవరో తలుపు బాదుతూనే ఉన్నారు.