ఫాస్ట్‌ఫుడ్ ఫ్రాంచైజీ: అపోహలు - వాస్తవాలు

మారతహళ్లిలో చిన్న హోటళ్లకు, ఫుడ్ అవుట్‌లెట్లకు లెక్కలు చూస్తుంటాను. అనంతపురం, కడప వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డవాళ్లు నెలకు ఒకరిద్దరైనా వచ్చి అడుగుతారు: "సార్, నెలకు 6 లక్షల సేల్ గ్యారంటీ అని కంపెనీవాళ్లు అంటున్నారు, ఫ్రాంచైజీ తీసుకోమంటారా?"

అపోహ: మనకు లాభం వస్తేనే కంపెనీకి వాటా.

వాస్తవం: రాయల్టీ, అంటే బ్రాండ్ పేరు వాడుకున్నందుకు కంపెనీకి ఇచ్చే వాటా, మామూలుగా అమ్మకం మీద కడతాం, లాభం మీద కాదు. నష్టం వచ్చిన నెలలో కూడా కట్టాల్సిందే. ఇది తెలియకే ఎక్కువమంది మునుగుతున్నారు కాబట్టి ఆ 6 లక్షలకే ఒక నమూనా లెక్క వేద్దాం.

సరుకుకు 35 శాతం, అంటే 2,10,000. ఆరుగురి జీతాలు 1,20,000. అద్దె 90,000. కరెంటు, గ్యాస్ 45,000. రాయల్టీ 6 శాతం, 36,000. సగం అమ్మకం డెలివరీ యాప్‌లలో జరిగి, కమిషన్ 25 శాతమైతే 75,000. ఇక్కడితో ఆపితే 24,000 మిగిలినట్టే కనిపిస్తుంది. కానీ మనం కస్టమర్ దగ్గర 5 శాతం జీఎస్టీ వసూలు చేసే పద్ధతిలో ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు, అంటే మన ఖర్చుల మీద కట్టిన జీఎస్టీని తిరిగి సర్దుబాటు చేసుకోలేం. 2017 నవంబరు నుంచి ఇదే నియమం. అద్దె, రాయల్టీ, కమిషన్ మీద పడే 18 శాతం జీఎస్టీ, 36,180 రూపాయలు, మన జేబులోంచే పోతాయి. చివరికి 12,180 నష్టం. ఇందులో ఓనరు జీతం లేదు, లోన్ ఈఎంఐ లేదు.

పోయిన ఏడాది ఒకాయన ఊళ్లో పొలం అమ్మి 25 లక్షలు పెట్టారు. ఫోన్‌లో సేల్స్ రిపోర్ట్ తెరిచి సంతోషంగా చూపిస్తుంటే, పక్కనే కూర్చున్న వాళ్లావిడ మెల్లగా అడిగింది: "మరి మనం ఇంటికి తెచ్చుకున్నది ఎంతండీ?" ఆయన స్క్రీన్ పైకీ కిందకీ జరుపుతూనే ఉండిపోయారు. ఆ రిపోర్ట్‌లో అలాంటి గడే లేదు. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

అపోహ: ఫీజు కడితే డామినోస్, కేఎఫ్‌సీ మనకూ ఇస్తారు.

వాస్తవం: ఇవ్వరు. ఇక్కడ డామినోస్‌ను జూబిలెంట్, దక్షిణాదిలో మెక్‌డొనాల్డ్స్‌ను వెస్ట్‌లైఫ్, కేఎఫ్‌సీని దేవయాని, సఫైర్ లాంటి పెద్ద కంపెనీలు నడుపుతున్నాయి. "రిజిస్ట్రేషన్ ఫీజు పంపండి" అని ఫోన్ వస్తే కట్ చేసేయండి, అంతే.

అపోహ: మూసేస్తే పెట్టుబడి తిరిగొస్తుంది.

వాస్తవం: అద్దె అడ్వాన్స్ వస్తుంది, అదీ కోతలు పోగా. టైల్స్, బోర్డు, ఎగ్జాస్ట్ డక్ట్ సెకండ్ హ్యాండ్‌లో ఎవరూ కొనరు. ఫ్రాంచైజీలకు మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం, మీరు సంతకం పెట్టిన కాగితం, ఇవే దిక్కు.

అందుకే సంతకానికి ముందు, అదే బ్రాండ్ అవుట్‌లెట్ ఎదురుగా ఒక మంగళవారం మధ్యాహ్నం కూర్చుని ఎన్ని బిల్లులు పడుతున్నాయో లెక్కపెట్టండి. ఆ ఓనరుతో మాట్లాడండి. అప్పటికీ టెన్షన్‌గా ఉంటే అగ్రిమెంట్ తీసుకుని రండి, ఇద్దరం కూర్చుని చదువుదాం.