అతిమధురం తింటే బీపీ ఎందుకు పెరుగుతుంది?

దగ్గు పట్టుకుంటే మా ఇంట్లో ముందు బయటికొచ్చేది అతిమధురం వేరు. చిన్న ముక్క బుగ్గన పెట్టుకుని నములుతుంటే గొంతులోకి తీపి దిగుతూ ఉండేది. సంస్కృతంలో దీని పేరు యష్టిమధు, అంటే తియ్యని కర్ర. గ్రీకులు పెట్టిన గ్లైసిరైజా అనే పేరుకీ తియ్యని వేరు అనే అర్థం. ఆ తీపి గ్లైసిరైజిన్ అనే పదార్థానిది. పంచదార కంటే 30 నుంచి 50 రెట్లు తియ్యగా ఉంటుంది.

1946లో నెదర్లాండ్స్‌లో రీవర్స్ అనే డాక్టరు కడుపులో పుండ్లున్నవాళ్లకు అతిమధురం సారం ఇచ్చి చూశాడు. పుండ్లు తగ్గాయి. కానీ సుమారు ఐదుగురిలో ఒకరికి ముఖం, కాళ్లూ చేతులూ ఉబ్బాయి. ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచిపోతున్నాయన్నమాట. మామూలుగా అయితే ఆ పని అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే ఆల్డోస్టిరోన్ అనే హార్మోనుది. అది కిడ్నీకి చేరి ఉప్పును మూత్రంలో పోనివ్వకుండా ఆపి, పొటాషియంను బయటికి పంపిస్తుంది.

మరి ఈ వేరులో ఆ హార్మోను లాంటిదేదో ఉందా? అడ్రినల్ గ్రంథులు దెబ్బతిన్న అడిసన్ రోగులకు ఉప్పు ఒంట్లో నిలవదు. నెదర్లాండ్స్ డాక్టర్లే 1950ల మొదట్లో వాళ్లకు అతిమధురం ఇచ్చి చూశారు. గ్రంథులు కాస్తో కూస్తో పనిచేస్తున్నవాళ్లకు గుణమిచ్చింది. పూర్తిగా చెడిపోయినవాళ్లకు ఇవ్వలేదు. వాళ్లకే కార్టిసోన్ అనే హార్మోను మందు కొంచెం కలిపి ఇస్తే మాత్రం పనిచేసింది! అంటే ఈ వేరు తనంతట తాను ఏమీ చేయడం లేదు, ఒంట్లో ఉన్న ఇంకేదో హార్మోనును రెచ్చగొడుతోంది. ఇంత మంచి ఆధారం చేతిలో ఉండి కూడా అసలు సంగతి తేలడానికి ఇంకో మూడు దశాబ్దాలు పట్టింది.

1987లో ఆల్డోస్టిరోన్ వచ్చి అతుక్కునే రిసెప్టర్ జన్యువును అమెరికాలో వేరుచేశారు. పరీక్షించి చూస్తే ఆ రిసెప్టర్‌కు ఆల్డోస్టిరోన్ అన్నా, కార్టిసాల్ అన్నా ఒకటే. రెండింటినీ సమానంగా పట్టుకుంటోంది. కార్టిసాల్ అంటే టెన్షన్ పడినప్పుడు పెరిగే హార్మోనే. రక్తంలో అది ఆల్డోస్టిరోన్ కంటే కనీసం 100 రెట్లు ఎక్కువగా ఉంటుంది. ఆ లెక్కన మనందరి కిడ్నీలూ పగలూ రాత్రీ ఉప్పు పట్టి ఉంచుతూనే ఉండాలి, అందరికీ బీపీ రావాలి. రావడం లేదంటే కార్టిసాల్‌ను ఎవరో దారిలోనే ఆపుతున్నారు.

ఆపేది ఒక ఎంజైము. పేరు నోరు తిరగదు: 11 బీటా హైడ్రాక్సీస్టిరాయిడ్ డీహైడ్రోజినేస్ 2. కిడ్నీలో ఉప్పును పట్టుకునే కణాల్లోనే అది ఉంటుంది. లోపలికి వచ్చిన కార్టిసాల్ అణువులోని 11వ కార్బన్ దగ్గర రెండు హైడ్రోజన్లు ఊడబెరుకుతుంది, అంతే. కార్టిసాల్ కాస్తా కార్టిసోన్ అయిపోతుంది, దాన్ని రిసెప్టర్ పట్టించుకోదు. ఆల్డోస్టిరోన్ అణువు అమరిక వేరు కనుక ఈ ఎంజైముకు చిక్కదు. రిసెప్టర్‌కు లేని విచక్షణ ఎంజైముకు ఉందని 1988లో ఆస్ట్రేలియా, స్కాట్లాండ్ శాస్త్రవేత్తల బృందాలు వేర్వేరుగా తేల్చాయి.

అతిమధురం దెబ్బ తగిలేది సరిగ్గా ఇక్కడే. పేగుల్లోని బాక్టీరియా గ్లైసిరైజిన్‌ను గ్లైసిరెటినిక్ ఆమ్లంగా మారుస్తాయి. అది వెళ్లి ఈ ఎంజైమును కదలనివ్వదు. ఇక కార్టిసాల్‌కు అడ్డేముంది? కొందరు పిల్లలకు ఈ ఎంజైము జన్యువే చెడిపోయి ఉంటుంది. అలాంటివాళ్లు అతిమధురం ముట్టకపోయినా చిన్న వయసులోనే బీపీ విపరీతంగా ఉంటుంది, పొటాషియం పడిపోతుంది. ఆల్డోస్టిరోన్ ఎంతుందో చూస్తే దాదాపు లేనట్టే! ఈ జబ్బు చాలా అరుదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా చెడ్డ జన్యువు వస్తేనే కనిపిస్తుంది.

ఈ ఎంజైముకు ఒక జోడీ ఉంది. పేరు చివర 2 బదులు 1 ఉంటుంది, పని మాత్రం దాదాపు తలకిందులు. ముఖ్యంగా లివర్‌లో ఉండి, కార్టిసోన్‌ను మళ్లీ కార్టిసాల్ చేస్తుంది. 1948లో అమెరికాలో కీళ్లవాతం రోగులకు కార్టిసోన్ ఇస్తే మంచం దిగలేనివాళ్లు లేచి నడిచారు, 1950లో దానికి నోబెల్ బహుమతి కూడా వచ్చింది. నిజానికి కార్టిసోన్ స్వయంగా ఏ పనీ చేయదు. లివర్ దాన్ని మార్చి పెట్టింది కాబట్టి మందుకు పేరొచ్చింది. ఇప్పుడు చర్మానికి పూసే క్రీముల్లో కార్టిసోన్ కాకుండా హైడ్రోకార్టిసోన్ వాడేది అందుకే. హైడ్రోకార్టిసోన్ అంటే కార్టిసాలే, లివర్ దాకా వెళ్లి మారి రావాల్సిన పనిలేదు.

మరి ఎంత తింటే ప్రమాదం? దగ్గుకు ఒకటి రెండు రోజులు చిన్న ముక్క నమిలితే కంగారు పడాల్సిందేమీ లేదు. కానీ ఆరోగ్యవంతులకు రోజుకు 100 మిల్లీగ్రాముల గ్లైసిరైజిన్ మించకూడదని యూరప్ నిపుణులు గీసిన గీత కూడా అంత భద్రం కాదని స్వీడన్ పరిశోధకులు 2024లో చూపించారు. రెండు వారాలు అంతే మోతాదు ఇస్తే బీపీ సగటున 3 పాయింట్లు పెరిగింది. 2020లో అమెరికా డాక్టర్లు రాసిన ఒక కేసు ఇంకా భయంకరం. 54 ఏళ్ల మనిషి కొన్ని వారాలపాటు రోజూ ఒకటిన్నర ప్యాకెట్ల నల్ల లికోరైస్ (అతిమధురం) మిఠాయి తిన్నాడు. పొటాషియం పడిపోయి, గుండె లయ తప్పి, ఒక హోటల్లో కుప్పకూలిపోయాడు. బతకలేదు.

బీపీ ఎక్కువగా, పొటాషియం తక్కువగా ఉండి, ఆల్డోస్టిరోన్ కూడా తక్కువే ఉంటే తెలిసిన డాక్టర్లు అతిమధురం వాడుతున్నారా అని అడుగుతారు. అడక్కపోతే మనం చెప్పం. అది మన దృష్టిలో మందు కాదు, పోపులపెట్టె పక్కన ఉండే వేరు.