గట్టెక్కని కోడ్

ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75కి రెండోది, 17.75కి మూడోది. మా లంకల్లో మూడోదాని కోసం ఎదురుచూడం. పశువులు, బియ్యం బస్తాలు, పాసుపుస్తకాలు ముందే ఏటిగట్టు మీదికి చేరతాయి. ఇంటి నుంచి కోడ్ రాసే నాకు అప్పుడు ఇంకో టెన్షన్ మొదలవుతుంది. ఈ ల్యాప్‌టాప్ తడిస్తే, ఇందులో తప్ప ఇంకెక్కడా లేని పని ఎంత పోతుంది?

కోడ్‌లో మార్పుల చరిత్రను దాచిపెట్టడానికి ప్రోగ్రామర్లు ఎక్కువగా వాడే గిట్‌ను లైనస్ టోర్వాల్డ్స్ 2005లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ పని కోసం తయారుచేశారు. ఇందులో పనికి కోతలకున్నట్టే దశలుంటాయి. ఫైల్లో మార్చి వదిలేసింది చేలో పరిచిన పన. కమిట్ చేస్తే, అంటే ఆ మార్పును గిట్ చరిత్రలో నమోదు చేస్తే, ధాన్యం ఇంట్లో గాదెకు చేరినట్టు. కానీ ఇల్లే మునిగితే? పుష్ చేసి సర్వర్‌కి పంపినదే గట్టెక్కినట్టు.

మొదటి దశలో మిగిలినవాటిని గిట్ స్టేటస్ అనే కమాండ్ చూపిస్తుంది. వేల ఫైళ్లున్నా క్షణాల్లో ఎలా చెబుతుందంటే, ప్రతి ఫైలు సైజు, చివరిసారి మారిన సమయం గిట్ ఇండెక్స్ అనే తన ఫైల్లో రాసిపెట్టుకుంటుంది. అవి అలాగే ఉంటే ఫైలు తెరవదు. తేడా కనిపిస్తేనే లోపలిది చదివి, హ్యాష్ (లోపలిదాన్ని బట్టి వచ్చే గుర్తింపు సంఖ్య) లెక్కగట్టి పాతదానితో పోలుస్తుంది. ఇంత పొదుపైన ఆలోచన నాకు ఎప్పుడు చూసినా ముచ్చటేస్తుంది.

అయితే స్టేటస్ ‘అంతా శుభ్రం’ అన్నంత మాత్రాన నిశ్చింత లేదు. సగం పనిని పక్కన పెట్టడానికి స్టాష్ వాడతాం. స్టాష్ చేయగానే స్టేటస్‌కి అంతా శుభ్రంగానే కనిపిస్తుంది, మామూలుగా పుష్ చేసినా స్టాష్ వెళ్లదు. ఒకసారి రిపేరుకిచ్చిన చోట నా డిస్క్ ఫార్మాట్ చేశారు. స్టాష్‌లో దాచిన వారం రోజుల పని దాంతోపాటే పోయింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది. పొరపాటున తీసేసిన కమిట్‌లను రిఫ్లాగ్ అనే గిట్ చిట్టా కొన్నాళ్లు గుర్తుంచుకుంటుంది కానీ, అదీ ఆ డిస్క్ మీదే కదా.

ఇంకోటి, స్టేటస్ మనం ఉన్న బ్రాంచ్ (ఒకే ప్రాజెక్టులో విడిగా నడిచే పని పాయ) సంగతే చెబుతుంది. నెల క్రితం వేరే బ్రాంచ్‌లో చేసిన కమిట్‌లు పుష్ కాకుండా ఉండిపోయినా మాట్లాడదు. కమిట్‌ల జాబితా చూపే గిట్ లాగ్‌ని ‘అన్ని బ్రాంచ్‌లలో ఉండి, రిమోట్‌లో (సర్వర్ మీది కాపీలో) లేనివి చూపించు’ అని అడిగితే అవి బయటపడతాయి. ‘వీటిని వదిలెయ్’ అని గిట్‌కి చెప్పే గిట్ఇగ్నోర్ జాబితాలో రాసిన ఫైళ్ల సంగతి మరీ అన్యాయం. పాస్‌వర్డ్‌లు, సెట్టింగులు ఉండే ఆ ఫైళ్లను గిట్ కావాలనే పట్టించుకోదు. వాటిని వేరేగా కాపీ చేసుకోవాల్సిందే.

నా దగ్గర 40కి పైగా ప్రాజెక్టులున్నాయి. ఒక్కోదాంట్లోకి వెళ్లి అడగడం కుదరదు. అందుకే చిన్న స్క్రిప్ట్ రాసుకున్నాను. ప్రతి గిట్ ప్రాజెక్టులోనూ ఉండే డాట్ గిట్ అనే పేరున్న చోటల్లా వెతికి, మార్పులు, స్టాష్, పుష్ కాని కమిట్‌లు మూడూ అడుగుతుంది. డాట్ గిట్ కొన్నిచోట్ల ఫోల్డర్ కాకుండా ఫైలుగా ఉంటుంది కాబట్టి ఫోల్డర్లనే వెతికితే కొన్ని జారిపోతాయి. రిమోట్ అసలే లేని ప్రాజెక్టులను జాబితాలో పైన పెట్టించాను. వాటి చరిత్ర మొత్తం ఈ ఒక్క మెషీన్‌లోనే ఉంటుంది మరి.

మొన్న మొదటి హెచ్చరిక వినగానే స్క్రిప్ట్ నడిపితే ఆరు పేర్లొచ్చాయి. కరెంటు పోకముందే ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆరూ పంపించి, నాన్నతో కలిసి బస్తాలు మోయడానికి వెళ్లాను.