మెడ మీద నలుపు, సింధియాలో ఓడలు

మొన్న ఆదివారం పొద్దున్న, విశాఖ ఎంవీపీ కాలనీలో మా పక్క వాటా మామ్మగారు మనవరాలి మెడని సున్నిపిండితో తెగ రుద్దుతున్నారు. పిల్లకి 12 ఏళ్లు, కాస్త బొద్దుగా ఉంటుంది. "ఎంత రుద్దినా మురికి వదలట్లేదండీ, మీరు సైన్సు చెప్పారు కదా, ఏదైనా ఉపాయం చెప్పండి" అన్నారు నన్ను చూసి. దగ్గరికెళ్లి చూశాను. మెడ వెనక మడతల్లో నల్లటి పట్టీ, మఖమల్ గుడ్డలా మెత్తగా, మందంగా ఉంది. రుద్దిన చోట చర్మం కందింది గానీ నలుపు అంగుళం కూడా కదల్లేదు.

అది మురికి కాదనిపించింది. అకాంథోసిస్ నైగ్రికాన్స్ అనే చర్మం మార్పు అచ్చం ఇలాగే ఉంటుంది. ఒంట్లో కొవ్వు పెరిగితే కణాలు ఇన్సులిన్ మాట వినడం మానేస్తాయి. దాంతో క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. అదంతా చర్మకణాల్ని పెరగమని తొందరపెడుతుంది. ఈ వయసులో సన్నటి పిల్లల్లో కూడా ఈ మొండితనం కొంత ఉంటుంది, బరువు దాన్ని పెంచుతుంది.

మొటిమలూ, పై పెదవి మీద నూగూ సంగతి కూడా చెప్పారు మామ్మగారు. "వేడి చేసిందేమో" అని ఆవిడ అనుమానం. నా అనుమానం పురుష హార్మోను టెస్టోస్టిరాన్ మీద. ఆడపిల్లల ఒంట్లో కూడా అది ఉంటుందంటే మా తరగతిలో పిల్లలు నవ్వేవారు. తప్పు మా మేష్టర్లదే. బోర్డు మీద వృషణానికి ఒక బాణం, అండాశయానికి ఇంకో బాణం గీసి చేతులు దులుపుకునేవాళ్లం.

బీచ్ రోడ్డు మీద నిలబడితే దూరంగా లంగరేసిన ఓడలు కనిపిస్తాయి కదా. ఓడలో ఉన్న నావికుడు జగదాంబలో సినిమా చూడలేడు, పూర్ణా మార్కెట్లో బేరమాడలేడు. రక్తంలో టెస్టోస్టిరాన్ కూడా అంతే. ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్ దానికి ఓడ, అందులో ఉన్నంతసేపూ అది కణాల మీద పని చెయ్యలేదు. కొంత అల్బుమిన్ అనే పడవల్లో వదులుగా వేలాడుతుంది, గట్టు కనిపిస్తే దూకేస్తుంది. ఎవరినీ పట్టుకోకుండా ఊళ్లో తిరిగేది నూటికి ఒకటో రెండో వంతు. 98 మంది నీళ్ల మీద, ఇద్దరు ఊళ్లో అనుకుందాం. ఇంకో ఇద్దరు దిగారు. నీళ్ల మీద 96 మంది మిగిలారు, ఆ తేడా ఎవరికీ తెలియదు. ఊళ్లో మాత్రం సందడి రెట్టింపయింది! మొత్తం టెస్టోస్టిరాన్ మామూలుగానే ఉందని రిపోర్టు వచ్చినా మొటిమలు ఎందుకు వస్తాయో ఈ లెక్కలో ఉంది.

మరి ఓడలు కట్టేదెవరు? మనకి సింధియాలో షిప్‌యార్డ్ ఉంది, 1948లో 'జల ఉష' ఓడ నీళ్లలోకి దిగింది అక్కడి నుంచే. ఒంట్లో ఆ పని కాలేయానిది. ఎస్‌హెచ్‌బీజీ జన్యువుని నడిపే మేస్త్రీ హెచ్ఎన్ఎఫ్-4 ఆల్ఫా అనే ప్రోటీన్. తిన్న చక్కెరని కాలేయం కొవ్వుగా మార్చి పేర్చుకునే కొద్దీ ఈ మేస్త్రీ తగ్గిపోతాడు, యార్డులో పని పడుకుంటుంది. అదే సమయంలో ఎక్కువైన ఇన్సులిన్, ఎల్‌హెచ్ అనే హార్మోనుతో చేతులు కలిపి, అండాశయంలో కొత్త నావికుల్ని తయారు చేయిస్తుంది. ఓడలు తగ్గాయి, జనం పెరిగారు.

ఇక్కడితో నా ఓడల పోలిక మునిగిపోతుంది. ఎందుకంటే కొవ్వులోని అరోమటేజ్ అనే ఎంజైమ్ కొన్ని పురుష హార్మోన్లని ఈస్ట్రోజన్లనే స్త్రీ హార్మోన్లుగా మార్చేస్తుంది, నావికుడు ఓడ దిగి వేషం మార్చినట్టు. పైగా కొవ్వుకణాలు లెప్టిన్ వదులుతాయి. 1994లో దొరికిన ఈ హార్మోను 'నిల్వలు సరిపడా ఉన్నాయి' అని మెదడుకి కబురు పెడుతుంది. బరువున్న పిల్లలు సగటున కాస్త ముందుగా పెద్దమనిషి కావడంలో దీని చెయ్యి ఉంది.

"పెద్దమనిషి అయినప్పుడు చిమ్మిలి ఎక్కువ పెట్టామా?" అని కంగారుపడ్డారావిడ. నాలుగు రోజుల నువ్వులూ బెల్లం ఏం చేస్తాయి? ఏడాది పొడుగునా ఫ్రిజ్‌లో ఉండే కూల్‌డ్రింకు సీసా సంగతి చూడమన్నాను. బరువు తగ్గి కాలేయంలో కొవ్వు కరిగితే యార్డు మళ్లీ తెరుచుకుంటుంది, ఎస్‌హెచ్‌బీజీ పెరుగుతుంది. ఒకసారి డాక్టరుకి చూపించి సుగర్ పరీక్ష చేయించమన్నాను. మొదటి ఒకటి రెండేళ్లు నెలసరి అటూ ఇటూ కావడం మామూలే, అప్పుడే పీసీఓడీ అనే అండాశయాల సమస్య వచ్చేసిందని టెన్షన్ పడొద్దనీ చెప్పాను.

మామ్మగారు సున్నిపిండి గిన్నె పక్కన పెట్టారు. "అయితే నిమ్మచెక్క కూడా వద్దంటారా?"

"వద్దండీ, మండుతుంది" అంది పిల్ల, నాకంటే ముందే.