ఫ్లేర్ మంట, కనిపించని గ్యాస్: కొన్ని అపోహలు - వాస్తవాలు

మాది భూపాలపల్లి. బాపు సింగరేణిలో సర్దార్‌గా (గని లోపల పనినీ, భద్రతనూ చూసే ఉద్యోగం) చేసి రిటైరయ్యారు. నేను కోనసీమ వైపు ఆయిల్, గ్యాస్ బావుల దగ్గర లీకులు వెతికి కట్టించే పనిలో ఉన్నాను. దసరాకు ఇంటికొస్తే చుట్టాలు అడిగే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: గ్యాస్ బావుల దగ్గర ఎత్తైన గొట్టం కొన మీద రాత్రింబవళ్లు మండే ఆ మంటే అసలు కాలుష్యం, ఆర్పేస్తే పోతుంది.

వాస్తవం: ఆ గొట్టాన్ని ఫ్లేర్ అంటాం. అందులో ఎక్కువగా కాలేది మీథేన్. కాలితే కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. కాలకుండా గాల్లో కలిస్తే, 20 ఏళ్ల లెక్కన, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు ఎక్కువ వేడి పుట్టిస్తుంది. అందుకే పైలట్ మంట (గ్యాస్‌ను అంటించడానికి ఎప్పుడూ వెలిగే చిన్న మంట) ఆరిపోయి గ్యాస్ ఊరికే పోతున్న రోజే మాకు టెన్షన్. ఊళ్లోవాళ్లకు మాత్రం ఆ రోజు ఆకాశం శుభ్రంగా కనిపిస్తుంది. అట్లని మంట ఉంటే చాలని కాదు. నల్లపొగ వస్తోందంటే గాలి చాలక గ్యాస్ సరిగా కాలడం లేదన్నట్టు. కొన దగ్గర ఆవిరి గానీ గాలి గానీ కలిపితే పొగ తగ్గుతుంది. ఫ్లేర్లో 98 శాతం గ్యాస్ నాశనమవుతుందని లెక్క వేసుకోవడం అలవాటు. అమెరికాలో మూడు చమురు, గ్యాస్ క్షేత్రాల మీద విమానంతో కొలిచి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరిపోయిన ఫ్లేర్లను కూడా కలుపుకుంటే అది 91 శాతమే అని తేలింది. ఆ గ్యాస్‌ను కంప్రెసర్‌తో పైపులైన్లోకి ఎక్కించడమే సరైన పని అని నా అభిప్రాయం.

అపోహ: లీకైతే వాసన వస్తుంది కదా.

వాస్తవం: ఇంట్లో సిలిండర్ వాసన, లీకు తెలియాలని కలిపిన మెర్‌కాప్టాన్‌ది. మీథేన్‌కు రంగూ లేదు, వాసనా లేదు. కుళ్లిన గుడ్డు వాసనొచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్‌తో ఇంకో ప్రమాదం. 100 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో వంద పాళ్లు) దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారుతుంది. వాసన పోయింది, తగ్గిందిలే అనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. బాపు వాళ్లు బొగ్గు బావిలో సేఫ్టీ లాంప్ వత్తి తగ్గించి, మంట మీద లేచే నీలి టోపీ ఎత్తును బట్టి గ్యాస్ ఎంతుందో చెప్పేవారు. వాళ్లు అట్లా పట్టుకున్న మీథేన్‌నే నేను కంటికి కనిపించని గ్యాస్‌ను చూపే ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలో చూస్తున్నాను.

లీకంటే పైపు పగలడమే అనుకునేవాళ్లూ ఉన్నారు. బావుల నుంచి చమురు, గ్యాస్ వచ్చి చేరే ఒక స్టేషన్లో అంతా బాగుందన్నారు. ముడిచమురు ట్యాంకు వైపు కెమెరా తిప్పితే, పైమూత అంచు నుంచి పొగలాంటిది పొర్లుకుంటూ దిగుతోంది. కెమెరా దించి చూస్తే ఉత్త ఎండ. మూత కింద గాస్కెట్ (సందు మూసే పట్టీ) ఎండి పగిలింది, మార్చడానికి గంట కూడా పట్టలేదు. ఒత్తిడిలో ఉన్న చమురు ట్యాంకులోకి రాగానే, గోలీసోడా కొట్టినట్టు, లోపలి గ్యాస్ బుసబుసమని పైకి తేలుతుంది. దాన్ని పట్టి తిరిగి లైన్లోకి పంపే వేపర్ రికవరీ యూనిట్ లేకపోతే మూతల సందుల్లోంచే పోతుంది. ఆ ఆవిరిలో క్యాన్సర్ తెచ్చే బెంజీన్ కూడా ఉంటుంది. ట్యాంకెక్కి చమురు మట్టం కొలిచే తమ్ముళ్లకు ఒకటే చెబుతాను: గాలి మీ వీపు వైపు నుంచి రావాలి, మూత మీదికి ముఖం వంచొద్దు.

వాల్వ్ గ్లాండ్ల (వాల్వ్ కాడ బయటికి వచ్చే చోట సందు మూసే భాగం) దగ్గర చిన్న లీకులకు సబ్బునీళ్లు చాలు, బుడగ లేస్తుంది.

మన దగ్గర గ్యాస్ బావులు లేవు, మనకెందుకు అంటాడు మా మామ. రామగుండంలో 2021 నుంచి యూరియా తయారవుతున్నది సహజవాయువుతోనే. ఆయన పొలంలో చల్లే బస్తా వెనక కూడా ఎక్కడో ఒక గ్యాస్ బావి ఉంటుంది.

మొన్న బాపు అడిగారు: "లీకు దొరికిన తేదీ రాస్తున్నరు సరే, కట్టిన తేదీ రాస్తున్నరా?" మా రిజిస్టర్లో ఈ నెల ఆ గడి నాలుగు చోట్ల ఖాళీగా ఉంది. సోమవారం డ్యూటీ ఎక్కగానే ముందు ఆ నాలుగు వాల్వుల దగ్గరికే వెళ్తాను.