‘ప్రాసెసర్ లేటొస్తుందన్నా’: గిటార్ ల్యాటెన్సీపై అపోహలు - వాస్తవాలు

డిసెంబర్ దగ్గర పడితే చాలు, హన్మకొండ, కాజీపేట చర్చి టీముల్లో గిటార్ వాయించే పిల్లలు ప్రాసెసర్లు (గిటార్ సౌండ్‌ను మార్చే డిజిటల్ పెట్టెలు) పట్టుకొని నా రూముకు వస్తుంటారు. అందరిదీ ఒకటే మాట. "అన్నా, వాయించినంక సౌండ్ లేటొస్తుంది, దీన్ని అమ్మేస్తా." సరే తమ్ముడు, అమ్మే ముందు ఒకసారి కొలుద్దాం పట్టు అంటాను. పెడళ్ల (కాలితో నొక్కి గిటార్ సౌండ్ మార్చేవి) రిపేరూ లైవ్ సౌండూ నా పని కాబట్టి చెప్తున్నా, ల్యాటెన్సీ, అంటే వాయించాక సౌండ్ వినిపించేదాకా పట్టే లేటు గురించి మన దగ్గర తిరిగే మాటలు చాలావరకు ఎవరూ కొలవకుండా చెప్పినవే, ఆ మాటలు నమ్మి ఇంట్లో బతిమాలి కొనిపించుకున్న పెడల్‌ను పిల్లలు సగం ధరకు వదిలేసుకుంటుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

అపోహ: డిజిటల్ అంటేనే లేటు, అనలాగ్ పెడళ్లే కొనాలి.

వాస్తవం: డిజిటల్ పెడల్‌లో గిటార్ సిగ్నల్ అంకెలుగా మారాలి, లోపల లెక్క జరగాలి, మళ్లీ సిగ్నల్‌గా బయటికి రావాలి. దీనికి టైమ్ పడుతుంది, కాదనను. కానీ ఎంత? నా దగ్గరికి వచ్చిన మామూలు పెడళ్లు, ప్రాసెసర్లు ఎక్కువగా 1 నుంచి 3 మిల్లీసెకన్ల లోపే ఉంటాయి. ఇప్పుడు గాలి సంగతి చూడండి. సౌండ్ గాలిలో సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది, అంటే 1 మిల్లీసెకన్‌కు 34 సెంటీమీటర్లు. యాంప్ మీకు 3 మీటర్ల దూరంలో ఉంటే, పెడల్ ఏదీ లేకపోయినా దాదాపు 9 మిల్లీసెకన్లు లేటుగానే వింటున్నారు.

పోయిన క్రిస్మస్ ముందు కాజీపేట నుంచి వచ్చిన ఒక తమ్ముడి ప్రాసెసర్ కొలిస్తే 110 శాంపిళ్లు వచ్చింది. శాంపిల్ అంటే సౌండ్‌ను అంకెగా తీసుకునే ఒక్కో కొలత, సెకనుకు 48,000 తీసుకునే రేట్ మీద అది 2.3 మిల్లీసెకన్లు. మరి లేటు ఎక్కడిది? ప్రాక్టీస్ చోటికి పోయి చూశాను. అతను నిలబడేది స్టేజీకి ఒక చివర, అతనికి వినిపించే బాక్స్ రెండో చివర, మధ్యలో టేపు పెడితే 8 మీటర్లు. అంటే 23 మిల్లీసెకన్లు గాలిలోనే పోతున్నాయి. ఒక చిన్న మానిటర్ అతని కాళ్ల దగ్గర పెట్టించాను, ప్రాసెసర్ ఇప్పటికీ అతని దగ్గరే ఉంది.

అపోహ: ల్యాటెన్సీ కొలవాలంటే పెద్ద ల్యాబ్ కావాలి.

వాస్తవం: రెండు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె), ఒక వై కేబుల్, మామూలు కేబుళ్లు చాలు. ఇది కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే తప్పులు జరిగేది ఇక్కడే.

ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్ నుంచి చిన్న ‘టిక్’ సౌండ్ ప్లే చేయండి, లెవెల్ తక్కువగా పెట్టండి, లేకపోతే పెడల్ ఇన్‌పుట్ పగిలిపోయినట్టు వినిపిస్తుంది. వై కేబుల్‌తో దాన్ని రెండుగా చీల్చి, ఒకటి నేరుగా మొదటి ఇన్‌పుట్‌కు, రెండోది పెడల్ లోంచి రెండో ఇన్‌పుట్‌కు ఇవ్వండి. రెండూ ఒకేసారి రికార్డ్ చేసి, వేవ్‌ఫామ్‌ను బాగా జూమ్ చేసి, రెండు టిక్‌ల మధ్య ఎన్ని శాంపిళ్లు ఉన్నాయో లెక్కపెట్టండి. 96 శాంపిళ్లు ఉంటే, 96ను 48,000తో భాగిస్తే 2 మిల్లీసెకన్లు. కంప్యూటర్ ఎంత లేటు చేసినా రెండు ఛానళ్లకూ ఒకేలా చేస్తుంది కాబట్టి ఆ లేటు ఈ లెక్కలోకి రాదు, ఈ పద్ధతి మీద నాకు నమ్మకం అందుకే.

అయితే ముందుగా పెడల్ తీసేసి, రెండు వైపులా ఉత్త కేబుళ్లే పెట్టి ఒకసారి రికార్డ్ చేయండి, తేడా సున్నా రావాలి. తర్వాత, టిక్ మొదలైన చోటు నుంచి కొలవాలి, ఎత్తైన చోటు నుంచి కాదు. క్యాబ్ (స్పీకర్ పెట్టె సౌండ్‌ను అనుకరించేది), ఈక్యూ ఆన్‌లో ఉంటే ఆ ఎత్తు పక్కకు జరుగుతుంది. ఇంకొకటి, ఎఫెక్ట్ ఆఫ్‌లో ఉంచి కొలిచి "సున్నా వచ్చిందన్నా" అని చెప్పేవాళ్లు ఉన్నారు. ట్రూ బైపాస్ (ఆఫ్ చేస్తే సిగ్నల్‌ను నేరుగా వైరులోంచి పంపే) పెడల్ ఆఫ్‌లో ఉంటే సిగ్నల్ చిప్ దాకా పోనే పోదు, అక్కడ మీరు కొలిచింది వైరునే.

అపోహ: పొడుగు కేబుల్ వల్ల లేటవుతుంది.

కాదు. 10 మీటర్ల కేబుల్ దాటడానికి మిల్లీసెకన్‌లో పదివేల వంతు కూడా పట్టదు. పొడుగు కేబుల్ వల్ల టోన్ మసకబారుతుంది, అది వేరే సమస్య.

అపోహ: బఫర్ 128 పెట్టాను, నా ల్యాటెన్సీ 2.7 మిల్లీసెకన్లే.

వాస్తవం: బఫర్ అంటే కంప్యూటర్ ఒక్కోసారి పోగేసుకొని లెక్కచేసే శాంపిళ్ల సంఖ్య. 128ని 48,000తో భాగిస్తే అంతే వస్తుంది, నిజమే. కానీ అది ఒక వైపు లెక్క. లోపలికి ఒక బఫర్, బయటికి ఒక బఫర్, అప్పటికే 5.3, దాని మీద డ్రైవర్ (ఇంటర్‌ఫేస్‌ను నడిపే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్) దాచుకునే ఎక్స్‌ట్రా, సిగ్నల్‌ను అంకెలుగా, అంకెలను సిగ్నల్‌గా మార్చే కన్వర్టర్ల ఫిల్టర్లు. అసలు సంఖ్య కావాలంటే అవుట్‌పుట్‌ను కేబుల్‌తో ఇన్‌పుట్‌కు కలిపి టిక్‌ను తిరిగి రికార్డ్ చేయాలి. ఇందులో నేను మొదట్లో చాలా రోజులు మోసపోయాను: రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ డ్రైవర్ చెప్పిన ల్యాటెన్సీని నమ్మి ట్రాక్‌ను తనంతట తానే వెనక్కి జరిపేస్తుంది. అప్పుడు మీకు కనిపించేది మొత్తం లేటు కాదు, డ్రైవర్ చెప్పిన దాంట్లో తప్పెంతో అది మాత్రమే. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే రికార్డింగ్ సెట్టింగ్స్‌లో డ్రైవర్ చెప్పిన ల్యాటెన్సీని వాడమనే ఆప్షన్ ఆఫ్ చేసి కొలవండి. 96,000 రేట్ పెడితే బఫర్ టైమ్ సగమవుతుంది, కానీ ల్యాప్‌టాప్ మీద బరువు పెరిగి చిటపటలు మొదలైతే బఫర్‌ను 256 చేస్తారు, మళ్లీ మొదటికే.

అపోహ: 2 మిల్లీసెకన్లు ఎవరికీ తెలియదు, వదిలేయొచ్చు.

చేతికి తెలియకపోవచ్చు, కానీ అదే సౌండ్ రెండు దారుల్లో వచ్చి కలిస్తే చెవికి తెలుస్తుంది. బేస్ గిటార్‌ను రెండుగా చీల్చి ఒకటి డీఐ బాక్స్ (గిటార్‌ను నేరుగా మిక్సర్‌కు కలిపే చిన్న పెట్టె) లోంచి, ఒకటి ప్రాసెసర్ లోంచి మిక్సర్‌కు ఇస్తారు చూడండి, అక్కడ వస్తుంది తిప్పలు. 2 మిల్లీసెకన్ల తేడాతో రెండు సమానంగా కలిస్తే 250, 750, 1,250 హెర్ట్‌జ్ దగ్గర సౌండ్ కొట్టుకుపోతుంది. బేస్ పల్చగా, డబ్బాలో వాయించినట్టు వస్తుంది, మనం ఈక్యూ తిప్పుతూ కూర్చుంటాం. డిజిటల్ మిక్సర్ అయితే డీఐ ఛానల్‌కు అదే 2 మిల్లీసెకన్ల డిలే ఇవ్వండి. సరిపోయిందో లేదో చూడాలంటే ఒక ఛానల్ ఫేజ్ తిప్పండి (సిగ్నల్‌ను తలకిందులు చేసే బటన్), సౌండ్ ఎక్కడ బాగా పడిపోతుందో అదే సరైన డిలే. చూశాక ఫేజ్ మళ్లీ మామూలుగా పెట్టడం మర్చిపోవద్దు.

అపోహ: ఒక ప్రాసెసర్‌కు ఒకటే ల్యాటెన్సీ ఉంటుంది.

ప్యాచ్‌ను, అంటే ప్రాసెసర్‌లో సేవ్ చేసిన సౌండ్ సెట్టింగ్‌ను బట్టి మారుతుంది. పిచ్ షిఫ్ట్, హార్మొనీ, గిటార్‌ను సింథ్‌లా మార్చేవి మిగతావాటి కంటే ఎక్కువ టైమ్ తీసుకుంటాయి, అది తయారీ లోపం కాదు. గిటార్‌లో మందపు ‘E’ తీగ 82.4 హెర్ట్‌జ్, అంటే ఒక్క ఊపు పూర్తవడానికే 12 మిల్లీసెకన్లు, ఏ స్వరమో పసిగట్టాలంటే చిప్ కనీసం ఆ ఊపునైనా చూడాలి కదా. సన్న తీగ మీద అదే ప్యాచ్ చురుగ్గా అనిపించడానికి కారణం కూడా ఇదే. క్యాబ్ ఐఆర్ ఫైల్ (స్పీకర్ పెట్టె సౌండ్ తీరును రికార్డ్ చేసిన ఫైల్) మొదట్లో ఖాళీ ఉంటే అదీ కలుస్తుంది, ఆ ఖాళీని కత్తిరించి మళ్లీ లోడ్ చేయండి. నాలుగు డిజిటల్ పెడళ్లు వరుసగా పెడితే నాలుగింటిదీ కూడుకుంటుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌తో మాత్రం ఎవరూ ప్రాక్టీస్ చేయొద్దు, మామూలుగా 100 మిల్లీసెకన్లు దాటుతుంది, దాని ముందు మీ ప్రాసెసర్‌ది లెక్కే కాదు.

నేను కొలిచిన ప్రతి పెడల్ అడుగున ఒక తెల్ల టేపు ముక్క అతికించి ఏ ప్యాచ్, ఏ శాంపిల్ రేట్, ఎన్ని శాంపిళ్లు, ఏ తేదీ అని రాసి ఇస్తాను. మీరూ రాసుకోండి, ఫర్మ్‌వేర్ (పెడల్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసినప్పుడు మళ్లీ ఒకసారి కొలిచి ఆ టేపు మార్చండి.